మెగావాట్లు సమానమే, యూనిట్లే వేరు

విద్యుత్ కేంద్రాలను మెగావాట్లలో పోల్చడం వాడుక. వాస్తవంలో అది సగం లెక్కే. వెయ్యి మెగావాట్ల కేంద్రం రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే 2.4 కోట్ల యూనిట్లు రావాలి. కర్నూలు దగ్గర గని, శకునాల ప్రాంతంలో దాదాపు 6 వేల ఎకరాల్లో పరుచుకున్న వెయ్యి మెగావాట్ల సౌర పార్కు సగటున ఇందులో నాలుగో వంతు ఇస్తే గొప్ప. రాత్రి సున్నా.

థర్మల్ కేంద్రానికి పగలూ రాత్రీ తేడా లేదు. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీకి సింగరేణి బొగ్గు సొంత రైలు మార్గంలో వస్తుంది. వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకోగానే బొగ్గు కింది గుంతలోకి జారుతుంది. మిల్లుల్లో పిండిలా నలిగి, గాలితో కలిసి బాయిలర్‌లోకి ఎగిరిపడుతుంది. యూనిట్‌కు సుమారు 600 నుంచి 700 గ్రాములు కాలిపోతుంది. మన బొగ్గులో మూడో వంతుకు అటూ ఇటూగా బూడిదే. అందుకే థర్మల్ కేంద్రాల పక్కన బూడిద చెరువులు తప్పవు.

కాలుష్యం లెక్కలో తేడా మరీ పెద్దది. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2014 నివేదిక ప్రకారం, కేంద్రం జీవితకాలం మొత్తానికి చూస్తే యూనిట్‌కు వెలువడే వాయువులు, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో, బొగ్గుకు 820 గ్రాములు, సహజవాయువుకు 490, భారీ సౌర కేంద్రాలకు 48, జలవిద్యుత్తుకు 24. పవన, అణు విద్యుత్తులకు 12 గ్రాములకు మించదు.

గ్యాస్ కథ వేరు. కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రం 2009లో ఉత్పత్తి మొదలుపెట్టగానే ఆశలు రేగాయి. ఏడాది రెండేళ్లకే దిగుబడి పడిపోయి, గోదావరి జిల్లాల్లో గ్యాస్ కేంద్రాలు ఇంధనం లేక ఆగిపోయాయి. యంత్రాలున్నాయి, గ్యాసే లేదు.

అణు విద్యుత్ కేంద్రం తెలుగు రాష్ట్రాల్లో లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ఇంకా ప్రతిపాదనే. విచిత్రమేమంటే దేశంలోని చాలా రియాక్టర్లకు ఇంధన కట్టలు తయారయ్యేది హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లోనే.

ఎప్పుడు కావాలంటే అప్పుడు అందే గుణంలో జలవిద్యుత్తుకు సాటి లేదు. చల్లారిన బాయిలర్ మళ్లీ అందుకోవడానికి గంటలు పడితే, జల టర్బైన్‌కు నిమిషాలు చాలు. కాకపోతే వానలు పడాలి. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. ఇవి తిరగేసి కూడా పనిచేస్తాయి: కరెంటు మిగిలినప్పుడు దిగువ నీటిని పైకి తోడి, గిరాకీ వేళ మళ్లీ వదులుతాయి. ఈ పద్ధతిలో వంద యూనిట్లు ఖర్చుపెడితే 75 నుంచి 80 వెనక్కి వస్తాయి.

ఆ నష్టం భరించదగ్గదే. మధ్యాహ్నం పొంగిపొర్లే సౌర విద్యుత్తును సాయంత్రం ఇళ్లలో దీపాలు వెలిగే వేళకు దాచాలంటే ప్రస్తుతానికి పెద్ద ఎత్తున కుదిరే మార్గాల్లో ఇదొకటి. కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ చేపట్టిన 1,680 మెగావాట్ల కేంద్రం లెక్క కూడా అదే. రెండు జలాశయాల మధ్య నీరు పైకీ కిందికీ తిరుగుతుంది. ఇంకో దారి వాడకాన్నే పగటికి జరపడం. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు పగటిపూట 9 గంటల సరఫరా ఎండ కాసే వేళతో చక్కగా సరిపోతుంది.