వ్యాపారలేఖన పరిశోధనపత్రికల పూర్వోత్తరములు

పత్రిక ప్రాయము ముఖపత్రముమీది పేరునుబట్టి తెలియదు, సంపుటసంఖ్యనుబట్టి తెలియును. వ్యాపారవ్యవహారములలోని వ్రాతను, మాటను శాస్త్రదృష్టితో విమర్శించు ఆంగ్లపత్రికలను పోల్చిచూచువారు ఈ సంగతి మరచుటచే పొరపడుట కలదు.

అమెరికాదేశపు కళాశాలలలో వ్యాపారలేఖనము బోధించు నుపాధ్యాయులు 1930-40 సంవత్సరముల నడుమ నొక సంఘముగా నేర్పడి, యొక బులెటినును ప్రకటింప నారంభించిరి. విద్యార్థులచేత నుత్తరములు వ్రాయించుట యెట్లు, దిద్దుట యెట్లు, పాఠ్యక్రమమున నేవి యుండవలెను అనునవి యందలి ముఖ్యవిషయములు. 1963వ సంవత్సరమున నా సంఘమే పరిశోధనకై 'జర్నల్ ఆఫ్ బిజినెస్ కమ్యూనికేషన్' అను వేఱొక పత్రికను స్థాపించెను. ఇచట నొక విశేషము గలదు. అప్పటికి సంఘము పేరున 'రైటింగ్', అనగా లేఖనము, అను పదమే యుండెను. భావప్రసారమను విశాలార్థముగల 'కమ్యూనికేషన్' పదము ముందు పత్రికకు వచ్చి, కొన్ని యేండ్లకుగాని సంఘమునకు రాలేదు. ఈ శాస్త్రము లేఖనపు టెల్లలు దాటుచున్నదని మొదట చాటినది పత్రికయే యని నా తలంపు.

బులెటిను పేరు పలుమార్లు మాఱి 2014లో 'బిజినెస్ అండ్ ప్రొఫెషనల్ కమ్యూనికేషన్ క్వార్టర్లీ' అయ్యెను. ఆ యేటనే జర్నలు పేరునకు ముందు 'ఇంటర్నేషనల్' అను విశేషణము చేరెను. పేర్లుమాత్రము చూచినవారు రెండును 2014లో పుట్టిన పసిబిడ్డలని తలంతురు. కాని యా యేటి సంపుటసంఖ్యలు మొదటిదానికి 77, రెండవదానికి 51. గ్రంథాలయపట్టికలో పాతపేరుకడ నాగినవారు పత్రికయే నిలిచిపోయెనని యనుకొందురు.

1987లో మఱి రెండు పత్రికలు బయలుదేరినవి. 'మేనేజ్‌మెంట్ కమ్యూనికేషన్ క్వార్టర్లీ' సంస్థలలోపలి వ్యవహారమును ప్రధానముగా గైకొన్నది. అయోవా రాష్ట్రీయ విశ్వవిద్యాలయమున పుట్టిన 'జర్నల్ ఆఫ్ బిజినెస్ అండ్ టెక్నికల్ కమ్యూనికేషన్' వ్యాపారలేఖనముతోపాటు సాంకేతికలేఖనమును గూడ చేపట్టినది. ఈ నాలుగింటికిని నేడు సేజ్ సంస్థయే ప్రకాశకురాలు. కావున ప్రకాశకునిబట్టి తారతమ్యము నిర్ణయింప వీలులేదు.

విషయమునుబట్టియే నిర్ణయింపవలెను. అప్పు నిరాకరించుచు బ్యాంకు వ్రాసిన యుత్తరము నొకదానిని తీసికొందము. అట్టి యుత్తరమును విద్యార్థికి నేర్పు విధమును గూర్చిన వ్యాసము క్వార్టర్లీకి తగును. చదివినవాని మనస్సున నది కలిగించు ఫలమును పరీక్షించినది జర్నలునకు తగును. ఆ నిరాకరణము వెనుక నధికారికిని గుమాస్తాకును జరిగిన సంవాదము మేనేజ్‌మెంట్ పత్రికకు, ఉత్తరముయొక్క నిర్మాణము, అలంకారశాస్త్రరీతిని దాని విచారణ, నాలుగవదానికి చెందును.

ఇతరులు ఎన్నిమార్లు ఉదాహరించిరను లెక్కనుబట్టి పత్రికలకు తరగతులు కట్టుట నేటి వాడుక. ఆ కొలతలో బోధనపత్రికలు వెనుకబడుట సహజము. ఉపాధ్యాయుడు తాను తరగతిలో వాడుకొన్నదానిని వేఱొక వ్యాసమున నుదాహరింపడు గదా! ఈ విద్య పుట్టినదే తరగతిగదిలో. బులెటిను తొలిసంపుటములు తిరుగవేయక జర్నలును మాత్రమే చదివినవారు, 1963కు పూర్వ మీ విచారణ లేనేలేదని వ్రాయ సాహసింతురు.