అంబాసిడర్ ఊపిరి



పాత అంబాసిడర్‌ను ప్రాణంగా చూసుకునే ఇళ్లు మన సరిహద్దు తాలూకాల్లో ఇంకా ఉన్నాయి. "ఏ కార్బొరేటర్ అయితే నమ్మకంగా నడుస్తుంది?" అని వారు అడుగుతుంటారు. ఆ జవాబు కొంత చరిత్రలో ఉంది.

పెట్రోలు గాలిలో తుంపరగా కలిస్తేనే ఇంజనులో సరిగా మండుతుంది. బరువు లెక్కన సుమారు 15 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కావాలి. దోమలకు కొట్టే ఫ్లిట్ పంపు గుర్తుందా? గొట్టం మొన మీదుగా గాలి వేగంగా పోతే మందు పైకి లేచి తుంపరవుతుంది. తరగతిలో పిల్లలకు నేను చెప్పే ఉదాహరణ ఇదే. కార్బొరేటర్ పని కూడా అదే.

ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ కుటుంబంలోని సోదరులు గత శతాబ్దం తొలి సంవత్సరాల్లో ఎస్.యు. కార్బొరేటర్ తయారు చేశారు. మొదట్లో అందులో కొలిమితిత్తి వంటి తోలుతిత్తి ఉండేది. తర్వాత లోహపు పిస్టన్ వచ్చింది. ఇంజను పీల్చే గాలిని బట్టి పిస్టన్ లేస్తుంది. దాని సూది తగినంత పెట్రోలు వదులుతుంది. ఫ్రాన్సులో పుట్టిన సోలెక్స్‌లో గాలిదారి కొలత మారదు. వేర్వేరు అవసరాలకు వేర్వేరు జెట్లు ఉంటాయి.

బెంగాలులోని ఉత్తర్‌పాడాలో తయారైన అంబాసిడర్‌కు 1959లో 1489 సీసీ ఇంజను వచ్చింది. దానికి ఎస్.యు. ఉండేది. తర్వాతి బండ్లలో సోలెక్స్ వాడారు.

మరి ఏది మేలు? ఎస్.యు.లో జెట్టు ఒక్కటే కనుక అడ్డుపడే చోట్లు తక్కువ. కానీ పిస్టన్ పైగదిలో నూనె తగ్గకూడదు. సోలెక్స్ జెట్లలో నలుసు పడితే బండి మొరాయిస్తుంది. వాటిని ఊది శుభ్రం చేయాలే గాని తీగతో పొడవకూడదు. ఒకసారి మాకు తెలిసిన బండికి అలా పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు ఖర్చు పెరిగింది. రెండింటిలోనూ థ్రాటిల్ ఇరుసు అరిగితే దొంగగాలి దూరుతుంది. అప్పుడు ఎంత ట్యూనింగ్ చేసినా నిలవదు. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది గనుక పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు మార్చుకోవడం మంచిది.

నా మటుకు, బండితో వచ్చినదాన్నే బాగుచేయించుకోవడం ఉత్తమం. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కొత్త కార్లకు కార్బొరేటరే లేదు. చెవితో విని స్క్రూ తిప్పే మేస్త్రీలు పెద్దవారవుతున్నారు. వారి పక్కన ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టండి. విడిభాగం ఎక్కడైనా దొరకవచ్చు. ఆ చేతివాటం మాత్రం దొరకదు.

సెలవు.