శత్రువును గూర్చి ప్రభుత్వవాణి

ప్రభుత్వధనముతో నడచు ప్రసారము పరదేశమునకు శత్రురూపము దిద్దుట టెలివిజనుతో పుట్టిన విద్య కాదు. 1939 అక్టోబరు 1న ఆలిండియా రేడియో తన విదేశప్రసారములను పుష్తూ భాషలో ఆరంభించినది జర్మను రేడియో ప్రచారమును ఎదుర్కొనుటకే. అంతకు నాలుగు వారములకు ముందు, సెప్టెంబరు 3న, వైస్రాయి లిన్‌లిత్‌గో మన నాయకులను సంప్రతింపకయే భారతదేశమును యుద్ధమున దించెను. శత్రువును నిర్ణయించినది ప్రజలు కారు.

జపాను యుద్ధమనగా నేమో శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములకు రేడియో బోధింప నక్కరలేదు. కూలికై రంగూను వెళ్ళిన మనవారనేకులు 1941 డిసెంబరు బాంబుదాడుల పిమ్మట సర్వమును విడిచి తిరిగివచ్చిరి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపైననే బాంబులు పడినవి. అయినను, బర్మా దారులలో తెల్లవారికి లభించిన సౌకర్యము తమకు లభింపలేదని ఆ కాందిశీకు లెరుగుదురు. ఆ యేడే జర్మనీనుండి సుభాస్ చంద్రబోసు రేడియోలో మాటలాడుచుండగా, ప్రభుత్వమున కది శత్రువాణి. స్వాతంత్ర్యము కోరిన పలువురికి స్వజనవాణి.

శత్రువు నిజమే, బాంబులు నిజమే. కాని ప్రజల నడుగని ప్రభుత్వము చెప్పుటచే ఆ నిజమునకును విలువ తగ్గినది. మైకు ముందు కూర్చుండు మేము మరువరాని పాఠమిది: శత్రువు దోషములను చదువు కంఠము స్వపక్షపు దోషములను కూడ చదువగలిగిననాడే ఆ మాట ఇంటను, పొరుగుదేశమునను నమ్మబడును.