పేట బాకీ

మా తాత ఎన్నడూ ‘సిద్దిపేట’ అనలేదట. ‘పేటకు పోయొస్త’ అనేవాడట, అంతే. చుట్టుపక్కల ఇంకెన్ని పేటలున్నా మా ఊరివాళ్లకు పేటంటే అదొక్కటే.

ఈ చిన్నమాట మీద నాకు చాలా రోజులుగా ఒక అనుమానం. మన చరిత్రలో కోటలకు ఉన్న చోటు పేటలకు లేదు. ఓరుగల్లుకు కాకతీయులున్నారు, గోల్కొండకు కుతుబ్‌షాహీలున్నారు. పేటకు ఎవరున్నారు? అమ్మేవాడు, కొనేవాడు, మోసేవాడు. వీళ్లు శాసనాలు వేయించుకోలేదు. అందుకే కాబోలు, హైదరాబాదు నుంచి రాజీవ్ రహదారి మీద కరీంనగర్ పోయేవాళ్లం వంద కిలోమీటర్ల దగ్గర చాయ్ తాగి, మళ్లీ బస్సెక్కేస్తాం. నేనూ అట్లా ఎన్నిసార్లు పోయానో.

ఈసారి మాత్రం పనిబెట్టుకుని వెళ్లా. ఊళ్లో పాత ఇల్లు అమ్ముతుంటే తాత సందుగలో కాగితాల కట్ట దొరికింది. ఎక్కువ భాగం తక్‌పట్టీలు. గంజ్‌లో ధాన్యం అమ్మితే అడ్తిదారు రాసిచ్చే చీటీలన్నమాట. పైన రైతు పేరు, సరుకు, తూకం, ధర. కింద కోతలు: అడ్త, హమాలీ, దడ్వాయి, చాటకూలీ. చదువురాని మా తాత పేరు కాగితమ్మీద కనిపించేది వీటిలోనే. అదీ ఒక్కో చీటీలో ఒక్కో రకంగా. వాటి అడుగున ఉర్దూలో రాసిన ఒక స్టాంపు కాగితం. మా ఇంట్లో ఉర్దూ చదవగలిగినవాళ్లు లేరు.

జూబిలీ బస్ స్టేషన్‌లో బస్సెక్కా. రైల్లో కూడా పోవచ్చు ఇప్పుడు. 2023 అక్టోబర్ 3న సిద్దిపేటకు మొదటి రైలు నడిచింది. అప్పటిదాకా ఈ పేట బండ్ల మీద, లారీల మీదే బతికింది. రైలు వచ్చిన చోట వ్యాపారం పెరుగుతుందని పుస్తకాలు చెప్తాయి కానీ, రైలు లేకుండానే ఇంత బజారు నిలబడిందంటే దాని వెనక ఎన్ని పల్లెల నడక ఉందో!

ఊరు చూడటం కోమటిచెరువు దగ్గర మొదలుపెట్టా. ఇప్పుడక్కడ వేలాడే వంతెన, పడవలు, సాయంత్రమైతే రంగు దీపాలు, సెల్ఫీలు. నాకు దాని పేరే నచ్చింది. రాజు పేరో దేవుడి పేరో కాకుండా బేరగాళ్ల కులం పేరు మోస్తున్న చెరువు. ఆ పేరు ఎప్పుడు, ఎట్లా వచ్చినా, పేటలో పెత్తనం ఎవరిదో అది చెప్తూనే ఉంది.

నేతపని సంగతీ అంతే. సిద్దిపేట గొల్లభామ చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నెత్తిన కుండతో నిలబడ్డ ఆడమనిషి బొమ్మను మగ్గం మీదే నేస్తారు, అద్దకం కాదు. నెమళ్లూ హంసలూ ఉండగా ఈ ఊరు తన చీర మీదికి ఎక్కించుకున్నది నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లామెను! బజారుకు సరుకు తెచ్చే మనిషి. ఈ ఊరివాడే అయిన చిత్రకారుడు కాపు రాజయ్య కూడా జీవితమంతా ఇట్లాంటి మనుషులనే గీశాడు. ఇది యాదృచ్ఛికం అంటే నేను నమ్మను.

ఇక గంజ్. మక్కల కాలం. యార్డంతా పసుప్పచ్చ కుప్పలు, చాటలతో తూర్పారబడుతున్న ఆడవాళ్లు, వెంట్రుకల నిండా పొట్టు. అడ్తిదార్ల ఇష్టారాజ్యానికి కళ్లెం వేయాలని నిజాం ప్రభుత్వం 1339 ఫస్లీలో, అంటే 1930 ప్రాంతంలో, వ్యవసాయ మార్కెట్ల చట్టం తెచ్చింది. 1966లో దాని చోటికి ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. చట్టాలు కాంటాను సరిచేయగలవు. కాంటా దాకా రాకముందే పంట మీద పడే చెయ్యి సంగతి వేరు.

ఇక్కడ స్పెయిన్ సంగతొకటి చెప్పాలి. అక్కడ మెదీనా దెల్ కాంపో అని ఒక పేట ఉంది. మెదీనా అంటే అరబ్బీలో నగరం. 15, 16 శతాబ్దాల్లో ఐరోపా వర్తకులంతా అక్కడి తిరునాళ్లకు చేరేవాళ్లు. బేరం వదిలి గుడిలోకి పోవడం కుదరదని, కూడలిలోంచే పూజ కనిపించేట్టు గుడి బయటి గోడకు పైన ఒక చిన్న మందిరం కట్టారు. మొదట ఉన్నీ, బట్టలు. రానురాను సరుకు వెనక్కిపోయి అప్పుల లెక్కలు ముందుకొచ్చాయి. వర్తకులు అక్కడికొచ్చేది హుండీలు చెల్లగొట్టుకోవడానికి. 1575లో స్పెయిన్ రాజు అప్పులు కట్టలేనని చేతులెత్తేశాక ఆ తిరునాళ్లు మళ్లీ కోలుకోలేదు. సిమోన్ రూయిజ్ అనే షావుకారు దాచుకున్న వేలకొద్దీ ఉత్తరాల వల్ల ఆ బాకీల చరిత్ర మిగిలింది. అది చదివినప్పుడు అనుకున్నా: అది అప్పిచ్చినవాడు దాచిన చరిత్ర. తీసుకున్నవాడి వైపు కాగితాలేవి?

ఒకటి నా సంచిలోనే ఉంది.

గంజ్ బయట చాయ్ హోటల్లో ఒక పెద్దాయన ఉర్దూ పేపర్ చదువుతున్నాడు. ‘చాచా, జర ఇది చూస్తరా’ అని ఇచ్చా. అద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

‘తమస్సుకు బేటా ఇది. అప్పు పత్రం. సన్ 1355 ఫస్లీ.’

అంటే 1945–46. నా గుండె జారింది. మా తాత ఎవరి ముందూ చెయ్యి చాచలేదన్నది మా ఇంట్లో పెళ్లిళ్లకూ చావులకూ చెప్పుకునే మాట. ఆ మాట వింటూనే పెరిగా.

‘ఎంతకు రాసిచ్చిండు?’

‘అంకెలు రఖమ్‌ల ఉన్నయి. నాకు రావు. ఇప్పుడెవ్వరికీ రావు.’ అరబ్బీ మాటలను గీతలుగా కుదించి రాసే పాత లెక్కల లిపి అది. వచ్చే పంట మీద పేష్గీ అని, రెండు చీరలని, తాత వేలిముద్ర అని మాత్రం చెప్పగలిగాడు.

కాగితం మడిచి ఇస్తూ, ‘మీ సందుగల దొరికిందా?’ అన్నాడు.

‘అవును.’

‘అయితే తీరింది. బాకీ ఉంటే ఇది సావుకారి దగ్గరుండాలె గద. తీరినంక వాపస్ ఇచ్చిండు. చింపెయ్యక ఎందుకు దాచిండో.’

అక్కడి నుంచే నాన్నకు ఫోన్ చేశా. ఒప్పుకోడేమో, కోపం వస్తుందేమో అనుకున్నా. ఫస్లీని మన లెక్కలోకి మార్చి చెప్పా. చీరల సంగతీ చెప్పా.

‘అప్పటికి నేను పుట్టలే. ఆ ఏడే మా పెద్దక్క పెండ్లి’ అన్నాడు.

లైన్ కట్టయిందేమో అనిపించేంతసేపు చప్పుడు లేదు.

‘తీరిందన్నడా ఆయన?’

‘తీరిందట నాన్నా.’

‘వాగొడ్డు చెల్క పాలోళ్లు గుంజుకున్నరని చెప్పేటోడు మా నాయిన’ అన్నాడు. ‘ఇన్నేండ్లు వాళ్లింటికి పోలేదు మేము.’