కాళహస్తి తెగులు – వేరుశనగ వంగడాల కథ

శ్రీకాళహస్తి అనగానే మనకు వాయులింగము, కలంకారీ అద్దకము జ్ఞప్తికి వచ్చును. సస్యశాస్త్రజ్ఞులకు మాత్రము వేరుశనగ కాయల మీది నల్లమచ్చలు కూడ జ్ఞప్తికి వచ్చును.

1975-76 ప్రాంతమున శ్రీకాళహస్తి పరిసరాలలోని వేరుశనగ చేలలో ఒక వింత తెగులు కనిపించినది. (ఆనాడది చిత్తూరు జిల్లా; 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది.) ఇతర తెగుళ్ళు సోకిన చేను ఆకు పండి, ఎండి, ముందుగానే రైతును హెచ్చరించును. ఇది అట్లు కాదు. మొక్క కాస్త గిడసబారినా, ఆకు మామూలుకంటె పచ్చగానే ఉండును. తీరా పెరికి చూస్తే ఊడలమీద, కాయల తొడిమలమీద, లేతకాయలమీద గోధుమవన్నె మచ్చలు. తొడిమలు పొట్టివై, కాయలు చిన్నవై, ముదిరిన దశలో కాయ అంతా నల్లబడి ఉండును. విత్తనము, నీరు, కూలి అన్నిటికీ ఖర్చయిన పిమ్మట గాని నష్టము తెలియదన్నమాట.

దీనికి కారణము ఒక నులిపురుగు అని 1984లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దాని పేరు టైలెంకోరింకస్ బ్రెవిలినియేటస్. ఒక మిల్లీమీటరు పొడవైనా లేని ఈ జీవి మట్టిలో ఉండి, బయటినుండియే లేత కణాలలోనికి సూదివంటి ముట్టెను గుచ్చి రసము పీల్చును. మట్టికి మందు వేసి దీనిని అణచవచ్చును గాని, ప్రతి పంటకు ఆ ఖర్చు భరించుట చిన్నరైతుకు కష్టము. తెగులును తట్టుకొను వంగడమే దొరికితే మందుతో పనే తగ్గిపోవును. కాని అట్టి వంగడమును ఎక్కడ వెదకవలెను?

ఇక్కడ కొంచెము వెనుకకు పోవలెను. వేరుశనగ మన దేశపు మొక్క కాదు, దక్షిణ అమెరికాది. అక్కడ ఇరవయ్యేసి క్రోమోసోములు గల రెండు అడవిజాతులు కొన్నివేల ఏండ్ల క్రిందట కలిసి, నలుబది క్రోమోసోముల మొక్క ఏర్పడినది. అట్టి అరుదైన కలయిక నుండి వచ్చినందున ఈ పంటలో జన్యువుల వైవిధ్యము స్వతహాగా తక్కువ. మన ప్రాంతములో అది మరింత కుదించుకొని పోయినది. చిత్తూరు సరిహద్దున, ఆనాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని గుడియాత్తం ప్రాంతపు గుత్తిరకము నుండి మంచి మొక్కలను ఏరి, వాటి విత్తనమును కలిపి, తిండివనం పరిశోధన కేంద్రము వారు 1940లో టి.ఎం.వి.-2 అను రకమును విడుదల చేసిరి. ఇది మంచి రకమే. రాయలసీమలో దశాబ్దాల తరబడి దీనిదే రాజ్యము. కాని చేలన్నిటా ఒకే రకమున్నప్పుడు, దానికి పడని పురుగు వచ్చినచో అడ్డుకొను మొక్క ఆ చేలలో దొరకదు.

అదే కాలమున మొక్కజొన్నలో గొప్ప మార్పు జరిగినది. 1908లో అమెరికాలో షల్ అను శాస్త్రజ్ఞుడు చూపిన మార్గమున, 1957లో మన దేశములో అఖిల భారత సమన్వయ పరిశోధన ప్రారంభమైనది. హైదరాబాదులోని అంబరుపేట అందులో ఒక కేంద్రము. 1961లో విడుదలైన తొలి నాలుగు సంకరాలలో 'దక్కన్' ఒకటి. మరి వేరుశనగకు ఆ పద్ధతి ఏల పనికిరాదని విద్యార్థులు అడుగుదురు. జవాబు పువ్వులో ఉన్నది. మొక్కజొన్నలో మగపూలు కొసన, ఆడపూలు నడుమ ఉండును. కొసను త్రుంచివేసినచో ఆ మొక్క ఆడమొక్కయే. వేరుశనగ పువ్వులో కేసరాలు, కీలాగ్రము ఒకే మూసిన దోనెలో ఇమిడి ఉండును. సూర్యోదయవేళ పువ్వు విచ్చుకొను సరికే పరాగ సంపర్కము పూర్తి అగును. అందుచేత సంకరము చేయదలచినవాడు ముందటి సాయంత్రమే మొగ్గ విప్పి, చిన్న పట్టకారుతో కేసరాలను ఊడదీసి, మరునాటి ఉదయము వేరొక మొక్క పుప్పొడిని అద్దవలెను. ఇంత శ్రమకు దక్కునది ఒక కాయ, అందు ఒకటి రెండు గింజలు. (వేరుశనగ వేరుకు కాసిన కాయ కాదు. ఫలదీకరణ పిమ్మట పువ్వు అడుగునుండి ఊడ దిగి మట్టిలోనికి పోయి కాయగా మారును. ఒక కుండలో మొక్క పెంచి తరగతిలో చూపిన ఈ సంగతి మరువరు.)

ఆ గింజల నుండి వచ్చిన మొదటితరము ఒకే తీరున ఉండును. రెండవ తరమున గుణాలు విడిపోవును. ప్రతి స్వపరాగ సంపర్కముతో మిశ్రమ స్థితి సగమగుచు, ఏడవ తరమున అరువది నాలుగవ వంతుకు దిగును. అప్పటికి గాని రకము స్థిరపడదు.

తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానము, పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు కాళహస్తి తెగులు విషయములో చేసిన పని ఇట్టి ఓర్పు కలదే. తెగులు నిండిన భూమిలోనే అనేక రకాలను విత్తిరి. పంట పెరికి ఊడలను, కాయలను ఒక్కొక్కటిగా పరీక్షించి మచ్చలను లెక్కించిరి. ఇతర రకాల కాయలు నల్లబడిన చోటనే తెల్లని కాయలిచ్చిన మొక్కలు కొన్ని ఉండెను. ఆ వెదకులాటలో నిలిచినదే టి.సి.జి.-1518, అది తిరుపతి-3 అను పేర రైతులకు అందినది. పిమ్మట వచ్చిన మరొక రకమునకు 'కాళహస్తి' అనియే పేరు పెట్టిరి. తెగులుకు అంటిన ఊరిపేరు దానిని తట్టుకొను విత్తనమునకు కూడ దక్కుట నాకు సబబుగానే తోచినది.

అయితే మంచి రకము పుట్టినంత మాత్రాన చేలు మారవు. మొక్కజొన్న విత్తనము ఎకరానికి 8 కిలోలు చాలును. ఒక గింజ నుండి వందలు పండును. వేరుశనగ గింజలు ఎకరానికి 50 కిలోలకు పైగా కావలెను. విత్తినది పది రెట్లయితే గొప్ప. టి.ఎం.వి.-2 అన్నాళ్ళు చేలను వదలకుండుటకు ఇదొక ముఖ్యకారణము. ఇందులో ఒక మేలు కూడ లేకపోలేదు. మొక్కజొన్న సంకర విత్తనమును రైతు ఏటేటా కొనవలెను. స్థిరపడిన వేరుశనగ రకము మాత్రము గుణము తప్పదు గనుక, చేతికి వచ్చిన కాయలలో మంచివి ఏరి, ఎండబెట్టి, మరుసటి పంటకు రైతు తన ఇంటనే దాచుకొనవచ్చును.