మాదాపురమున బాలచికిత్స

1984లో సికిందరాబాదున జాతీయ మానసిక వికలాంగుల సంస్థ వెలసిన నాఁటికి హైదరాబాదు చెంతనున్న మాదాపురము గుట్టల నడిమి పల్లెయే; 1998లో అచట సైబర్ టవర్స్ అను ఐటీ భవనము ప్రారంభమైన పిదప, ఉద్యోగార్థులై వచ్చి, అవ్వతాతల తోడు లేక యపార్టుమెంట్లలో నివసించు దంపతుల బిడ్డలకై స్పీచి థెరపీ కేంద్రములు క్రమముగా నేర్పడెను. ఇట్టి చోట ఆటయు నొక చికిత్సయే; ఆ ఆటలో బిడ్డయే ముందు నడువవలెనని అమెరికాలో మనస్తత్వవేత్త వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లోనే ఆటచికిత్సను గూర్చిన తన గ్రంథమునఁ బ్రతిపాదించెను.

తల్లి కొంగు వీడని బాలునిఁ బిలువక, థెరపిస్టు నేలఁ గూర్చుండి, తానొక్కతెయే బొమ్మకారును దొర్లించుచుండును. వాఁడు దాపునకు వచ్చి చక్రమును ముట్టినను మాటాడదు. గంటలలెక్కన రుసుము చెల్లించు తలిదండ్రులు ‘ఈ రోజేమి నేర్పినారు?’ అని యడుగుట సహజమే కాని, నా మతమున నది తొందరపాటు. ఆ తొందరలో థెరపిస్టును మార్చిరా, బిడ్డ మరల మొదటికే రావచ్చును.