అనితల్లి వారసత్వము

ముక్తేశ్వరము రేవున నిలిచి చూచువారికి గౌతమి ఆవలి ఒడ్డున కోటిపల్లి కనిపించును. అచటికి ద్రాక్షారామము ఎంతో దూరము లేదు. ఈ సీమ ఒకప్పుడు రాజమహేంద్రవరపు రెడ్ల ఏలుబడిలో ఉండినది. తండ్రి తరువాత కుమారుడు రాజగుట మనమెరిగిన ఆచారము. అది ఆ రెడ్ల కాలమున ఎంతవరకు నిలిచినదో ఇప్పుడు విచారింతము.

కొండవీటి రాజ్యస్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి. ఆయన తరువాత కుమారుడు అనవోతారెడ్డి రాజైనాడు. 1364 ప్రాంతమున అనవోతుడు గతించగా, ఆయనకు కుమారగిరి అను కుమారుడున్నను, సింహాసనము తమ్ముడు అనవేమారెడ్డికి దక్కినది. చుట్టును శత్రువులున్న రాజ్యమునకు కత్తి పట్టగల చేయి కావలెను గదా! కుమారగిరి వంతు 1386లో గాని రాలేదు. తన తోబుట్టువు మల్లాంబికను పెండ్లాడిన కాటయ వేమునికి ఆయన రాజమహేంద్రవర ప్రాంతమును అప్పగించినాడు.

1402 ప్రాంతమున కొండవీటి గద్దె దాయాదియైన పెదకోమటి వేమునికి చేరినది. కాటయ వేముడు అతనికి తల వంచలేదు. నాటినుండి గోదావరీతీర రాజ్యము వేరుపడినది. 1414 ప్రాంతమున కాటయ వేముడు మరణించిన పిమ్మట వారసత్వము తుదకు ఆయన కుమార్తె అనితల్లిపై నిలిచినది. ఆమె పక్షమున అల్లాడరెడ్డి శత్రువులతో పోరాడి రాజ్యమును కాపాడినాడు. తన కుమారుడు వీరభద్రారెడ్డికి ఆమెను కోడలిగా తెచ్చుకొన్నాడు. అటుపిమ్మట వీరభద్రుడును, ఆయన అన్న వేమారెడ్డియు కలసి రాజ్యమేలినారు.

ఇది మన దేశమున మాత్రమే జరిగిన వింత కాదు. క్షీణించుచున్న బైజాంటియము సామ్రాజ్యపు పడమటి అంచున, ఎపిరస్ సీమలో, యానినా నగరమున్నది. దాని ప్రభువు థామస్ 1384లో హతుడైనాడు. అతని భార్య మరియా మరుసటి ఏడు ఈసావ్ అను ఇటలీవానిని పెండ్లాడగా, ప్రభుత్వము ఆమె చేతిమీదుగా అతనికి సంక్రమించినది. కేంద్రము బలహీనమైన చోట, కత్తి ఎవరిదైనను, దానికి హక్కు కల్పించినది పెండ్లిపీట.

అల్లాడరెడ్డి కాపాడినది అనితల్లి హక్కునా, తన ఇంటి భాగ్యమునా? రెండును కావచ్చును. కాని 1423 నాటి కలువచేరు శాసనము అనితల్లి పేరనే వెలసినది. ఓరుగల్లు పతనమైన 1323 తరువాతి ఆంధ్రదేశ చరిత్రకు అది ముఖ్యాధారము. ఏలినది భర్తయైనను, రాజ్యము తన తండ్రినుండి తనకు వచ్చినదను సంగతిని ఆమె మరుగుపడనీయలేదని మేము తలంచుచున్నాము.

15వ శతాబ్ది మధ్యభాగమున ఆ రాజ్యము గజపతుల పాలైనది. శ్రీనాథుని కాశీఖండమునకు కృతిభర్తగా వీరభద్రారెడ్డిని తెలుగువారు మరువలేదు. ఆయనకు ఆ సింహాసనము ఎవరివలన వచ్చినదో కూడ మనము మరువరాదు.